ప్రసవ సన్నాహ తరగతిని ఎంచుకోవడం: కాబోయే తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాల్లో గర్భిణులకూ వారి భర్తలకూ ప్రసవం గురించి నేర్పే తరగతులు ఇప్పుడు ఆసుపత్రుల్లోనూ, యోగా కేంద్రాల్లోనూ, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతున్నాయి. ఎంతో బాధ్యతగా నడిచేవి వాటిలో ఉన్నాయి; ఏదో ఒక సరుకు అమ్ముకోవడానికే నడిచేవీ ఉన్నాయి. మన దేశంలో ఇటువంటి తరగతి పెట్టడానికి ప్రత్యేకమైన ప్రభుత్వ లైసెన్సు ఏదీ అక్కరలేదు గనుక, మంచిచెడ్డలు విచారించుకునే బాధ్యత దంపతుల మీదే పడుతోంది. చేరే ముందు ఏం చూడాలో, ఏం అడగాలో, ఎక్కడ జాగ్రత్తపడాలో ఈ కింది జవాబుల్లో వివరించాను.

ఈ తరగతుల్లో అసలు ఏం నేర్పుతారు?

నొప్పులు ఎలా మొదలవుతాయి, దొంగ నొప్పులను ఎలా గుర్తుపట్టాలి, ఆసుపత్రికి ఎప్పుడు బయలుదేరాలి, గర్భాశయ ముఖద్వారం ఏ క్రమంలో తెరుచుకుంటుంది అన్నవి మొదటి పాఠాలు. నొప్పిని తట్టుకోవడానికి శ్వాస, నడక, భంగిమల మార్పు, నడుము మర్దన ఎలా తోడ్పడతాయో చేయించి చూపిస్తారు. నొప్పి తెలియకుండా వెన్నులో ఇచ్చే ఎపిడ్యూరల్ మందు గురించి, నొప్పులు రావడానికి పెట్టే మందుల గురించి, సిజేరియన్ ఎప్పుడు తప్పనిసరి అవుతుందన్న దాని గురించి చెబుతారు. బిడ్డ పుట్టిన మొదటి గంట, పాలు పట్టడం, బాలింత ఆరోగ్యం కూడా ఇందులో భాగమే. పేరు ఏదైనా, ఈ విషయాలన్నీ లేని తరగతి అసంపూర్ణమైనదే. శ్వాస వ్యాయామాలు, నాలుగు ఆసనాలు నేర్పి సరిపెట్టేది వ్యాయామ తరగతి అవుతుందే తప్ప ప్రసవ సన్నాహం కాదు.

ప్రతి నెలా డాక్టరు దగ్గరికి వెళ్తూనే ఉన్నాం. ఇంట్లో అమ్మ, అత్తయ్య ఉన్నారు. అయినా తరగతి అవసరమా?

తరగతికి వెళ్లకపోతే ప్రసవం సరిగా జరగదని ఎవరైనా అంటే నమ్మవద్దు. ప్రతి నెలా జరిగే వైద్య పరీక్షలకు తరగతి ప్రత్యామ్నాయం కానే కాదు. అయితే ఓపీలో వరుస కట్టిన గర్భిణుల మధ్య డాక్టరు మీకు కేటాయించగలిగేది కొద్ది నిమిషాలే. ఆ నిమిషాలు రక్తపోటు, స్కానింగ్ రిపోర్టు, మందుల చీటీతోనే గడిచిపోతాయి. అమ్మ, అత్తయ్యల అనుభవం విలువైనది, కానీ వారు కన్న నాటి లేబర్ రూమూ నేటి లేబర్ రూమూ ఒకటి కావు.

తెలుగు దంపతులకు ఈ విషయం మరీ ముఖ్యం కావడానికి ఒక కారణం ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద 21.5 శాతం ప్రసవాలు సిజేరియన్లు కాగా, ఆంధ్రప్రదేశ్‌లో అవి 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లో ఆ లెక్క 80 శాతం దాటింది. తల్లినో బిడ్డనో కాపాడడానికి చేసిన ఆపరేషన్లు వీటిలో ఎన్నో ఉన్నాయి, వాటి అవసరాన్ని శంకించడం నా ఉద్దేశం కాదు. అయినా సగానికి మించిన కాన్పులు కోతతో ముగిసే చోట, ఆపరేషన్ ఎందుకు సూచిస్తున్నారో, కొంతసేపు వేచి చూడవచ్చో లేదో మర్యాదగా, స్పష్టంగా అడగగలిగే తెలివిడి దంపతులకు ఉండాలి. మంచి తరగతి ఇవ్వవలసిన మొట్టమొదటి సామర్థ్యం ఇదే, తక్కినవన్నీ దీని తరువాతే.

ఎన్నో నెలలో చేరాలి?

ఆరో నెల చివర గానీ ఏడో నెలలో గానీ మొదలుపెట్టి, 36 వారాలు నిండేలోపు పూర్తిచేసుకోవడం మంచిది. 37 వారాలకు ముందే నొప్పులు వచ్చే అవకాశం ఎవరికైనా ఉంటుంది గనుక తొమ్మిదో నెలకు వాయిదా వేయకూడదు. కవలలు ఉన్నవారు, డాక్టరు ముందస్తు కాన్పు కావచ్చని హెచ్చరించినవారు ఇంకా ముందే చేరాలి. మరీ మూడో నెలలో ప్రసవ పాఠాలు వింటే సమయానికి గుర్తుండవు. ఆ దశలో ఆహారం, పరీక్షలు, వాంతుల గురించిన ఒక్క పరిచయ తరగతి చాలు.

బోధించేవారికి ఏ అర్హత ఉండాలి?

ఈ ప్రశ్నకే ఎక్కువ సమయం వెచ్చించాలి. చాలామంది దంపతులు తరగతి గది ఎంత అందంగా ఉందో, ఫీజు ఎంతో విచారిస్తారు గానీ పాఠం చెప్పే మనిషి ఎక్కడ ఏం చదివారో అడగడానికి మొహమాటపడతారు.

మన దేశంలో ప్రసవ విద్య బోధకులకు చట్టబద్ధమైన రిజిస్ట్రేషన్ లేదు. అందువల్ల రెండు విషయాలు విడివిడిగా చూడాలి. ఒకటి, మూల చదువు: ఆ వ్యక్తి ప్రసూతి వైద్యురాలా, నర్సింగ్ చదివి మంత్రసాని విద్యలో కూడా రిజిస్టర్ అయినవారా, ఫిజియోథెరపిస్టా, లేక వేరే రంగం నుంచి వచ్చినవారా? రెండు, ప్రసవ విద్యలో ప్రత్యేక శిక్షణ: లమాజ్ ఇంటర్నేషనల్ గానీ అంతర్జాతీయ ప్రసవ విద్యా సంఘమైన ఐసీఈఏ గానీ ఇచ్చే ధ్రువీకరణ పొందారా? ఈ రెండు సంస్థలూ 1960 నుంచి ఉన్నవి. వీటి ధ్రువీకరణ ఒకసారి వస్తే జీవితాంతం ఉండేది కాదు. గడువు తీరిన కొద్దీ కొత్త విషయాలు నేర్చుకున్నట్టు చూపించి పునరుద్ధరించుకోవాలి. కాబట్టి సర్టిఫికెట్ ఉందా అని కాకుండా, అది ఇప్పుడు అమల్లో ఉందా అని అడగండి.

డాక్టరు అయినంత మాత్రాన మంచి బోధకులు అవుతారని లేదు. సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన లేబర్ రూమ్ తెలిసినవారనీ లేదు. నా ఉద్దేశంలో అన్నిటికన్నా నమ్మదగినవారు ప్రసవాలను దగ్గరుండి చూసినవారు, చూస్తూ ఉన్నవారు. ఈ విషయంలో మనకు మంచి మార్పు ఒకటి వచ్చింది. తెలంగాణ ప్రభుత్వం యూనిసెఫ్, హైదరాబాద్‌లో ప్రసూతి ఆసుపత్రులు నడిపే ఫెర్నాండెజ్ సంస్థల సహకారంతో 2017లో కరీంనగర్‌లో నర్సులకు మిడ్‌వైఫరీలో, అంటే మంత్రసాని విద్యలో, ప్రత్యేక శిక్షణ మొదలుపెట్టింది. మరుసటి ఏడాది కేంద్ర ప్రభుత్వం దేశమంతటికీ మిడ్‌వైఫరీ సేవల మార్గదర్శకాలు విడుదల చేసి, పద్దెనిమిది నెలల కోర్సును నిర్దేశించింది. అలా శిక్షణ పొందిన మిడ్‌వైఫ్ బోధించే తరగతి మీకు అందుబాటులో ఉంటే దానిని ముందుగా పరిశీలించండి.

పాలు పట్టడం గురించి నేర్పేవారి అర్హత వేరు. ఆ రంగంలో ప్రపంచవ్యాప్తంగా గుర్తింపు ఉన్నది ఐబీసీఎల్‌సీ ధ్రువీకరణ; దానిని అయిదేళ్లకొకసారి పునరుద్ధరించుకోవాలి. ప్రసవ సమయంలో పక్కన ఉండి ధైర్యం చెప్పే డౌలా మరో వర్గం. ఆమె సేవ నిజంగా ఉపయోగకరమైనదే గానీ, వైద్య పరీక్ష చేయడం, మందు మార్చమనడం ఆమె పని కాదు. ఏ బోధకులైనా తమ పరిధి ఎక్కడ ముగుస్తుందో తామే చెప్పగలగాలి. "ఈ మాట మీ డాక్టరునే అడగండి" అని ఒక్కసారైనా అనని బోధకుల దగ్గర జాగ్రత్తగా ఉండండి.

సర్టిఫికెట్ నిజమో కాదో ఎలా తెలుసుకోవాలి?

డాక్టరు పేరును జాతీయ వైద్య కమిషన్ వెబ్‌సైట్‌లో ఉన్న వైద్యుల రిజిస్టరులో వెతకవచ్చు. నర్సులకు రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ ఇచ్చిన రిజిస్ట్రేషన్ సంఖ్య ఉంటుంది. లమాజ్ బోధకులనూ, ఐబీసీఎల్‌సీలనూ ఆయా సంస్థల వెబ్‌సైట్లలో పేరు పెట్టి చూసుకునే వీలుంది. పేరు కనిపించకపోతే నేరుగా అడగండి. గడువు దాటి ఉండవచ్చు, పెళ్లికి ముందు ఇంటిపేరుతో ఉండవచ్చు. సంఖ్య చెప్పడానికి చిరాకుపడేవారి దగ్గర చేరవలసిన పని లేదు. రెండు రోజుల వర్క్‌షాపుకు హాజరైనందుకు ఇచ్చే పత్రాన్ని కూడా కొందరు గోడకు తగిలించి చూపుతారు, అది హాజరు పత్రమే తప్ప అర్హత పత్రం కాదు.

లమాజ్, బ్రాడ్లీ అని రకరకాల పద్ధతుల పేర్లు చెబుతున్నారు. ఏది మంచిది?

ఫ్రాన్స్‌కు చెందిన ప్రసూతి వైద్యుడు ఫెర్నాండ్ లమాజ్ 1951లో సోవియట్ యూనియన్‌లో చూసిన విధానాన్ని తన దేశానికి తీసుకువచ్చి అభివృద్ధి చేశారు. తొలినాళ్లలో అది ప్రధానంగా శ్వాసను క్రమబద్ధం చేసే పద్ధతి. నేటి లమాజ్ బోధనలో శ్వాస ఒక భాగం మాత్రమే. నొప్పులు వాటంతట అవి రానివ్వడం, కాన్పు సమయంలో నడవడం, ఆప్తులను తోడు పెట్టుకోవడం, అవసరం లేని వైద్య జోక్యాన్ని తగ్గించుకోవడం, వెల్లకిలా పడుకుని కనకపోవడం, తల్లీబిడ్డలను వేరు చేయకపోవడం అన్న ఆరు సూత్రాల మీద అది నడుస్తోంది. అమెరికా వైద్యుడు రాబర్ట్ బ్రాడ్లీ పేరు మీద ఉన్న పద్ధతి భర్తను ప్రధాన సహాయకుడిగా తయారుచేస్తుంది.

పేరును బట్టి ఎంచుకోవడం కంటే, ఆ పద్ధతి ఎపిడ్యూరల్ గురించి, సిజేరియన్ గురించి ఎలా మాట్లాడుతుందో చూసి ఎంచుకోవాలి. మందు తీసుకున్న తల్లి ఓడిపోయినట్టు, ఆపరేషన్ అయిన తల్లి తక్కువదైనట్టు మాట్లాడే తరగతి, అది ఎంత పేరున్నదైనా, ఆ తల్లి మనసుకు చాలాకాలం మానని గాయం చేస్తుంది. నొప్పే లేకుండా కాన్పు చేయిస్తామని హామీ ఇచ్చేది, నార్మల్ డెలివరీ గ్యారంటీ అని ప్రకటించేది అబద్ధం చెబుతున్నట్టే.

ఆసుపత్రి నడిపే తరగతిలో చేరాలా, బయట చేరాలా?

ఆసుపత్రి తరగతిలో ఒక గొప్ప సౌకర్యం ఉంది: మీరు కనబోయే లేబర్ రూమును ముందే చూపిస్తారు, అక్కడి నియమాలు తెలుస్తాయి, ఒకరిద్దరు నర్సులతో ముఖపరిచయం అవుతుంది. నొప్పులతో అర్ధరాత్రి ఆ తలుపు దగ్గరికి వచ్చినప్పుడు ఆ పరిచయం ఎంతో ధైర్యాన్నిస్తుంది. ఇబ్బంది ఏమిటంటే, కొన్ని చోట్ల తమ ఆసుపత్రి ఏం చేస్తుందో అదే చెబుతారు తప్ప, మీరు వేరే విధంగా కోరుకోవచ్చన్న మాట చెప్పరు. బయటి బోధకులు ఆ విషయంలో స్వేచ్ఛగా మాట్లాడగలరు గానీ, మీ ఆసుపత్రిలో ఆచరణ సాధ్యం కాని వాటి మీద ఆశలు పెంచే ప్రమాదం ఉంది.

ఏది ఎంచుకున్నా ఒక పరీక్ష పెట్టండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన ప్రసవ సంరక్షణ సిఫారసుల ప్రకారం, ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకున్నాకే చురుకైన దశ మొదలైనట్టు లెక్క, గంటకు ఒక సెంటీమీటరు చొప్పున తెరుచుకోలేదన్న ఒక్క కారణంతో జోక్యం చేసుకోకూడదు, బిడ్డ బయటికి వచ్చే దారిని వెడల్పు చేయడానికి యోని అంచున పెట్టే ఎపిసియాటమీ కోతను అందరికీ అలవాటుగా పెట్టకూడదు. ఈ మూడింటి గురించి మీ ఆసుపత్రిలో ఏం చేస్తారని బోధకులను అడగండి. జవాబు ఏదైనా కావచ్చు, కానీ సూటిగా రావాలి.

మా మొదటి కాన్పు పుట్టింట్లో. తరగతి హైదరాబాద్‌లో, ఆసుపత్రి రాజమండ్రిలో. అప్పుడేం చేయాలి?

మన ఇళ్లలో ఇది చాలా సాధారణమైన పరిస్థితి. సీమంతం అయ్యాక అమ్మాయి పుట్టింటికి వెళ్తుంది; అప్పటిదాకా చూసిన డాక్టరు ఒకరు, కాన్పు చేసే డాక్టరు మరొకరు. ఇటువంటప్పుడు ప్రయాణానికి ముందే తరగతి పూర్తయ్యేలా ఆరో నెలలోనే చేరండి. మీరు కనబోయేది వేరే ఊళ్లో అని బోధకులకు మొదటి రోజే చెప్పండి. అక్కడి ఆసుపత్రిని అడగవలసిన ప్రశ్నల జాబితా తయారుచేయించుకోండి: తోడుగా ఎవరిని లోపలికి రానిస్తారు, నొప్పుల సమయంలో నడవనిస్తారా, రాత్రిపూట మత్తు డాక్టరు అందుబాటులో ఉంటారా, నెలలు నిండకుండా పుడితే పిల్లల డాక్టరు, ఎన్‌ఐసీయూ (నవజాత శిశువుల అత్యవసర చికిత్స విభాగం) అక్కడే ఉన్నాయా లేక వేరే ఊరికి తరలించాలా. చివరి ప్రశ్నకు వచ్చే జవాబును తరగతి నోట్సు కన్నా భద్రంగా రాసి పెట్టుకోండి. భర్త నగరంలోనే ఉండిపోయేట్టయితే, కాన్పు గదిలో తోడుండబోయే అమ్మనో, అక్కనో ఒక్క పాఠానికైనా ఆన్‌లైన్‌లో కూర్చోబెట్టండి.

తరగతి ఉచితం అన్నారు. చేరవచ్చా?

చేరవచ్చు, కానీ ఖర్చు ఎవరు పెడుతున్నారో తెలుసుకున్నాకే. ప్రభుత్వమో, ఆసుపత్రో, స్వచ్ఛంద సంస్థో పెడితే మంచిదే. ఏదో ఒక కంపెనీ పెడుతున్నట్టయితే ఆ కంపెనీ ఏం అమ్ముతుందో గమనించండి.

డబ్బా పాలు, పాల సీసాలు అమ్మేవారి విషయంలో మన చట్టం చాలా కఠినమైనది. 1992లో వచ్చి 2003లో సవరణ పొందిన శిశు పాల ప్రత్యామ్నాయాల చట్టం వాటి ప్రకటనలను, ఉచిత శాంపిళ్లను, తల్లులకు ఇచ్చే కానుకలను నిషేధించింది. ఆరోగ్య కార్యకర్తలకు ఆ కంపెనీలు ఇచ్చే ప్రోత్సాహకాలనూ నిషేధించింది. కాబట్టి తరగతి చివర ఇచ్చే సంచిలో పాలపొడి డబ్బా కనిపిస్తే ఆ నిర్వాహకులకు చట్టం తెలియదు, లేదా తెలిసీ లెక్కచేయడం లేదు. అటువంటి చోట పాలు పట్టడం గురించి నిష్పాక్షికమైన పాఠం దొరుకుతుందని ఎలా నమ్మగలం?

రెండోది బొడ్డుతాడు రక్తం దాచే ప్రైవేటు బ్యాంకులు. దంపతుల భయాన్నీ ప్రేమనూ ఆసరా చేసుకుని వేల రూపాయలకు సంతకాలు పెట్టించుకునే ప్రయత్నాలు ఈ తరగతుల్లో జరుగుతుంటాయి. బిడ్డ భవిష్యత్తులో తన కోసం వాడుకోవడానికి రక్తాన్ని వాణిజ్య బ్యాంకులో దాచడాన్ని భారత వైద్య పరిశోధనా మండలి సిఫారసు చేయడం లేదు. పైగా బిడ్డ పుట్టాక బొడ్డుతాడును వెంటనే బిగించకుండా ఒక నిమిషమైనా ఆగితే ఆ రక్తం బిడ్డకే చేరి రక్తహీనతను తగ్గిస్తుంది. అలా ఆగినప్పుడు దాచడానికి మిగిలేది తక్కువ. ఇలా ఆగడం వల్ల కలిగే మేలు చెప్పకుండా బ్యాంకు పథకాన్ని అమ్మే తరగతి మీ బిడ్డ మేలు కోరుతున్నట్టు కాదు. కుటుంబంలో ఎవరికైనా ఇప్పటికే మూలకణ చికిత్స అవసరమయ్యే రక్తవ్యాధి ఉంటే ఆ సంగతి వేరు, దానిని ఆ వ్యాధికి చికిత్స చేసే డాక్టరుతోనే మాట్లాడాలి.

గర్భసంస్కార్ తరగతుల మాటేమిటి?

కడుపులో ఉండగానే బిడ్డకు మంచి సంస్కారం అబ్బుతుందన్న నమ్మకంతో నడిచే తరగతులివి. తల్లి ప్రశాంతంగా ఉండడం, మంచి సంగీతం వినడం, భర్తతో కలిసి కడుపులోని బిడ్డతో మాట్లాడడం సంతోషకరమైనవే, వాటివల్ల నష్టం లేదు. దానినే ప్రసవ సన్నాహంగా భావిస్తే మాత్రం లేబర్ రూములో ఏం జరుగుతుందో తెలియకుండానే అక్కడికి వెళ్తారు. బిడ్డ మేధావి అవుతాడని, రంగు తేలుతుందని చేసే వాగ్దానాలను నమ్మవద్దు. వేర్లు, పొడులు, పేరు తెలియని లేహ్యాలు ఇస్తే మీ డాక్టరుకు చూపించకుండా వాడవద్దు.

ఒక విషయంలో ఏమాత్రం ఉపేక్ష పనికిరాదు. మగబిడ్డ పుట్టడానికి ఆహార నియమమో, మందో, పూజతో కూడిన ఔషధమో ఇస్తామని ఎవరైనా సూచించినా అది 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం కిందకు వస్తుంది. ఫలానా లింగపు బిడ్డ పుట్టే అవకాశాన్ని పెంచడానికని ఏ పదార్థాన్ని ఇచ్చినా ఆ చట్టం దానిని లింగ ఎంపికగానే పరిగణిస్తుంది. అటువంటి మాట వినబడిన తరగతికి మళ్లీ వెళ్లకండి.

భర్త తప్పకుండా రావాలా? లోపలికి రానివ్వకపోతే నేర్చుకుని ఏం లాభం?

రావాలి. నొప్పుల మొదటి గంటలు చాలావరకు ఇంట్లోనే గడుస్తాయి, ఆ సమయంలో నడుము నొక్కేది, నొప్పుల మధ్య వ్యవధి చూసుకునేది, నీళ్లు తాగించేది పక్కనున్న మనిషే. ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ ప్రసవ సమయంలో తోడు మనిషిని అనుమతించాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో సూచించింది. సాధారణంగా ఆ తోడు స్త్రీ అయి ఉండాలి, గర్భిణుల ఏకాంతానికి భంగం కలగకుండా ఏర్పాటు ఉన్న చోట భర్తను కూడా అనుమతించవచ్చు. ప్రభుత్వ ఆసుపత్రుల లేబర్ రూముల నాణ్యత పెంచడానికి కేంద్రం 2017లో మొదలుపెట్టిన లక్ష్య కార్యక్రమం కూడా గౌరవప్రదమైన ప్రసవ సేవల మీదే దృష్టి పెట్టింది. అయినా ఆచరణ ఊరికొక రకంగా ఉంది గనుక ముందే కనుక్కోవాలి.

భర్తను వెనక కుర్చీలో ప్రేక్షకుడిగా కూర్చోబెట్టే తరగతి కన్నా, అతని చేత కూడా చేయించే తరగతి మేలు. అత్తగారికో, అమ్మకో ఒక పూట కేటాయించే తరగతి అంతకంటే మేలని నేను నమ్ముతాను. ముర్రుపాలు పిండి పారబోయడం, పుట్టగానే తేనె నాకించడం, బాలింతకు నీళ్లు తగ్గించి కఠిన పథ్యం పెట్టడం వంటి నిర్ణయాలు ఇంట్లో తీసుకునేది పెద్దలే. వారిని తక్కువ చేయకుండా, ఏడాది లోపు బిడ్డకు తేనె ఎందుకు ప్రమాదమో వారితోనే కూర్చుని చెప్పగలిగిన బోధకులు దొరకడం అదృష్టం.

సిజేరియన్ ఖాయమని ముందే చెప్పారు. మాకు తరగతి ఎందుకు?

మాయ అడ్డుగా ఉండడం వంటి కారణాలతో ఆపరేషన్ నిర్ణయమైనవారికి కూడా నేర్చుకోవలసింది ఎంతో ఉంది. మత్తు ఎలా ఇస్తారు, కుట్లు ఉండగా బిడ్డను ఏ భంగిమలో పట్టుకుని పాలివ్వాలి, ఎప్పుడు లేచి నడవాలి, తరువాతి కాన్పు మామూలుగా జరగడానికి ఎంత అవకాశం ఉంటుంది అన్నవి అన్నీ పాఠాలే. ఆపరేషన్ అయినా తల్లి మెలకువగా ఉంటే మొదటి గంటలోనే బిడ్డకు పాలు పట్టించవచ్చు.

ముహూర్తం చూసి ఆపరేషన్ పెట్టించుకునే అలవాటు గురించి కూడా మంచి బోధకులు మాట్లాడాలి, అది మన రెండు రాష్ట్రాల్లో చూస్తున్నదే. వైద్య కారణం లేకుండా 39 వారాలకు ముందు ఆపరేషన్ చేస్తే బిడ్డకు శ్వాస ఇబ్బందులు వచ్చే అవకాశం ఎక్కువ. ఆపరేషన్ ఎలాగూ తప్పనిసరి అయినప్పుడు, డాక్టరు సురక్షితమని చెప్పిన రోజుల్లోనే మంచి ఘడియ వెతుక్కోవడంలో తప్పు లేదు. ఘడియ కోసం రోజులను ముందుకు జరపడం మాత్రం తప్పు.

ఆన్‌లైన్ తరగతి సరిపోతుందా?

విషయం తెలుసుకోవడానికి సరిపోతుంది, చేతితో చేసే అభ్యాసానికి సరిపోదు. ముందే చిత్రించిన వీడియోల కన్నా బోధకులతో ప్రత్యక్షంగా మాట్లాడే వీలున్నది నయం. బిడ్డను రొమ్ముకు పట్టించే తీరు, నడుము మర్దన వంటివి ఒక్కసారైనా ఎదురుగా నేర్చుకోండి. ఒక్కో బృందంలో ఎంతమంది ఉంటారో అడగండి. పది జంటలు దాటితే మీ ప్రశ్నకు చోటుండదు. తరగతి మీకు హాయిగా అర్థమయ్యే భాషలో ఉండాలి. ఇంగ్లీషు తరగతిలో తల ఊపి వచ్చి, నొప్పుల సమయంలో ఏదీ గుర్తురాక ఇబ్బందిపడడం కన్నా తెలుగులో చెప్పే సామాన్యమైన తరగతి మేలు.

తరగతిలో యోగా, వ్యాయామం చేయిస్తారట. క్షేమమేనా?

మీ డాక్టరు అనుమతి ఉంటే చాలావరకు క్షేమమే. చేర్చుకునే ముందు మీ రిపోర్టులు, రక్తపోటు, మాయ ఉన్న స్థానం, గర్భసంచి ముఖద్వారానికి కుట్టు వేశారా లేదా అని అడగని చోట వ్యాయామం చేయవద్దు. నెలలు పెరిగాక చాలాసేపు వెల్లకిలా పడుకోబెట్టడం, ఊపిరి బిగబట్టించడం, కపాలభాతి చేయించడం సరికాదు. రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం, తల తిరగడం, ఛాతీలో నొప్పి వస్తే వెంటనే ఆపాలి.

బిడ్డ కదలికలు తగ్గినట్టు అనిపించినా, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం ఉబ్బడం కనిపించినా తదుపరి తరగతిలో అడుగుదామని ఆగకండి. నేరుగా ఆసుపత్రికి వెళ్లండి, వాహనం లేకపోతే 108కి ఫోన్ చేయండి.

ఫీజు కట్టే స్తోమత లేదు. మాకు మార్గం ఏమిటి?

2016 నుంచి అమల్లో ఉన్న ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో నాలుగో నెల దాటిన గర్భిణులకు డాక్టరు ఉచితంగా పరీక్ష చేస్తారు. ఆ రోజు ప్రశ్నలు రాసుకుని వెళ్లండి. అంగన్‌వాడీ కేంద్రంలో, ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్తల దగ్గర తల్లీబిడ్డల సంరక్షణ కార్డు ఉంటుంది; అందులో ప్రమాద సూచనలు, టీకాలు, పాలు పట్టే విధానం బొమ్మలతో సహా ఉంటాయి. ఖరీదైన తరగతుల్లో చెప్పే ప్రాణాధారమైన విషయాలు చాలావరకు అందులో ఉన్నాయి. భర్త కూడా దానిని చదవాలి.

ప్రసవం తరువాతి విషయాలు ఎంత వరకు ఉండాలి?

కనీసం మూడో వంతు ఉండాలన్నది నా అభిప్రాయం. చాలా తరగతులు బిడ్డ ఏడుపు వినబడే చోట ముగిసిపోతాయి, కష్టం అక్కడి నుంచే మొదలవుతుంది. మొదటి మూడు రోజులు పాలు తక్కువగా కనిపించడం సహజమని, ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలే చాలునని, నీళ్లు కూడా అక్కరలేదని చెప్పాలి. కాన్పయిన మొదటి వారాల్లో దుఃఖం రావడం ఎంతో మందికి జరిగేదే. అది రెండు వారాలు దాటినా, తల్లికి నిద్ర పట్టకపోయినా, బిడ్డ మీద మనసు పోకపోయినా, బతకాలని లేదన్నా అది చికిత్స అవసరమైన స్థితి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416 సంఖ్యకు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఈ సంగతి భర్తకు చెప్పని తరగతి తన పని సగమే చేసినట్టు.

మేము విదేశంలో ఉంటున్నాం. తెలుగు తరగతి ఆన్‌లైన్‌లో వింటే చాలదా?

అదనంగా వినండి. మీరు కనబోయే దేశపు పద్ధతులు వేరు గనుక అక్కడి తరగతి తప్పనిసరి. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆరోగ్య సేవ అయిన ఎన్‌హెచ్‌ఎస్ తరగతులు ఉచితంగా ఉంటాయి, 1956లో ఏర్పడిన ఎన్‌సీటీ వంటి సంస్థలు ఫీజుతో నడుపుతాయి. అమెరికాలో చాలా ఆసుపత్రులు సొంతంగా నిర్వహిస్తాయి. ఇక్కడి నుంచి అమ్మానాన్నలు సాయానికి వస్తున్నట్టయితే, కారు సీటు, బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టడం వంటి అక్కడి నియమాలను విమానం ఎక్కకముందే వారికి వివరించండి.

చేరిన తరువాత తరగతి సరిగా లేదనిపిస్తే?

అందుకే ఫీజు మొత్తం ఒకేసారి కట్టకుండా, ముందు ఒక తరగతికి వెళ్లి చూసే వీలు అడగండి. మధ్యలో మానేస్తే, నెలలు నిండకముందే కాన్పయితే డబ్బు ఎంత వెనక్కి ఇస్తారో రాతపూర్వకంగా తీసుకోండి. బోధకులు చెప్పిన దానికీ డాక్టరు చెప్పిన దానికీ పొంతన లేకపోతే, ఎవరు చెప్పింది నిజమని ఇంట్లో వాదించుకోకుండా ఆ మాటను డాక్టరు ముందే పెట్టి కారణం అడగండి. మందుల విషయంలో డాక్టరు మాటే వినండి. ప్రకటనలో చెప్పిన అర్హతలు లేని వ్యక్తి బోధించినా, ఒప్పుకున్న డబ్బు వెనక్కి ఇవ్వకపోయినా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు. రసీదు, ప్రకటన ఫొటో, వాట్సాప్ సందేశాలు దాచి ఉంచుకోండి.